యంత్రానికీ రోజూ పరీక్షే!

వేలి మందం గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం. నిమిషం తిరిగేసరికి చీటీ మీద ఇరవై అంకెలు. అవి నిజమేనని ఎవరు చెప్పాలి?

ఎనిమిదో నెల గర్భిణి హిమోగ్లోబిన్ 6.8 అని ఒక చీటీ వచ్చిందనుకుందాం. డెసిలీటరు రక్తంలో 7 గ్రాములకన్నా తక్కువ ఉంటే అది తీవ్రమైన రక్తహీనత. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ నిబంధనల ప్రకారం ఆమెను పెద్దాసుపత్రిలో చేర్చాలి. రక్తం ఎక్కించే ఏర్పాటు దగ్గర్లో ఉండాలి. అదే చీటీ మీద 7.2 వచ్చిందనుకోండి. మధ్యరకం రక్తహీనత అంటారు. ఐరన్ ఇస్తారు, మళ్లీ ఫలానా రోజున రమ్మంటారు, ఇంటికి పంపుతారు. రెండు అంకెలకీ తేడా 0.4 మాత్రమే.

బస్తీలో అయితే ఈ తేడా ఒక ఆటో ప్రయాణంతో తేలిపోతుంది. అరకు లోయలో అలా కాదు. అక్కడి నుంచి విశాఖపట్నం కేజీహెచ్ వంద కిలోమీటర్లకు పైనే. అందులో అనంతగిరి ఘాట్ మలుపులే సగం ప్రాణం తీస్తాయి. ముంచింగిపుట్టు, పెదబయలు, జి.మాడుగుల మండలాల్లో రోడ్డు చేరని గూడేలవాళ్లకైతే ఆ ఘాట్ రోడ్డు దాకా రావడమే ఒక ప్రయాణం. కర్రకు దుప్పటి కట్టి, డోలీలో గర్భిణిని మోసుకొచ్చే ఫొటోలు పత్రికల్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. అంత కష్టపడి మోసుకొచ్చాక వెనక్కి పంపాలా, ముందుకు పంపాలా అన్నది ఆ అంకె తేలుస్తుంది. దాన్ని చెప్పేది బల్లమీద పెట్టిన ఒక యంత్రం. పేరు హెమటాలజీ ఎనలైజర్. ల్యాబ్ భాషలో ‘సెల్ కౌంటర్’.

మరి ఆ యంత్రం పొద్దున బాగానే ఉందా?

రంధ్రంలోంచి లెక్క

ఈ యంత్రానికి మూలపురుషుడు వాలెస్ కౌల్టర్ అనే అమెరికన్. ఆయన ఆలోచనకు 1953లో పేటెంటు వచ్చింది. ఆలోచన చాలా చిన్నది. ఉప్పునీటిలాంటి ద్రవంలో రక్తాన్ని బాగా పలచన చేసి, వెంట్రుక మందాన ఉండే రంధ్రంలోంచి పీలుస్తారు. రంధ్రానికి అటూ ఇటూ కరెంటు ప్రవహిస్తుంటుంది. కణం దూరినప్పుడల్లా ఆ కరెంటుకు క్షణంపాటు అడ్డు తగులుతుంది. ఎన్నిసార్లు అడ్డు తగిలితే అన్ని కణాలు. ఎంత గట్టిగా తగిలితే అంత పెద్ద కణం. సంత గేటు దగ్గర నిలబడి లోపలికి వచ్చేవాళ్లను లెక్కపెట్టడం లాంటిదే. హిమోగ్లోబిన్‌కు మాత్రం వేరే దారి. కణాలను పగలగొట్టి, బయటికొచ్చిన ఎర్రరంగులోంచి కాంతిని పంపి, ఎంత కాంతి ఆగిపోయిందో కొలుస్తారు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. రంధ్రం గోడలకు మాంసకృత్తుల పొర పేరుకుంటే లెక్క మారుతుంది. దీపం కాస్త మందగిస్తే హిమోగ్లోబిన్ మారుతుంది. రక్తం పీల్చే పంపు పాతబడి ఒకటి రెండు మైక్రోలీటర్లు తక్కువ పీల్చినా అన్నీ మారతాయి. యంత్రం ఆగిపోతే బాధ లేదు, అందరికీ తెలుస్తుంది. ఆగకుండా, ఎర్రలైటు వెలగకుండా, రోజుకింత చొప్పున పక్కకి జరుగుతూ పోవడంతోనే ప్రమాదం. తప్పు చెప్పేటప్పుడూ అది దశాంశంతో సహా, నిజం చెప్పినంత ధీమాగానే చెబుతుంది!

ఈ విషయం మన్యంవాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. కొండచీపుళ్లు, చింతపండు, అడ్డాకులు, పసుపు తీసుకుని సంతకు దిగిన గిరిజనుడిని షావుకారు కాటా ఎన్ని తరాలు మోసం చేసిందో! దళారుల బెడద తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. కాటా సరిగ్గా ఉందో లేదో తెలుసుకునే పద్ధతి ఎప్పుడైనా ఒకటే. బరువు ముందే తెలిసిన రాయిని తక్కెడలో వేయాలి. కిలో రాయి వేస్తే కిలో చూపించాలి. తొమ్మిది వందలు చూపిస్తే ఆ కాటా మీద చింతపండు తూచకూడదు.

రక్త పరీక్షలో ఆ తూకపురాయి పేరు ‘కంట్రోల్’. ఇందులో ఎన్ని ఎర్రకణాలు, ఎంత హిమోగ్లోబిన్ ఉండాలో తయారీదారు ముందే నిర్ణయించి, కాగితం మీద రాసి పంపే రక్తం. చిన్న చిన్న సీసాల్లో వస్తుంది. సాధారణంగా మూడు రకాలు... తక్కువ, మామూలు, ఎక్కువ. పొద్దున్నే మొదటి రోగి రక్తం పెట్టేముందు వీటిని యంత్రంలో పెట్టాలి. అంతకన్నా ముందు రక్తమే లేకుండా ఉత్త ద్రవాన్ని పెట్టి చూడాలి. సున్నాకు దగ్గరగా రావాలి. ఖాళీ తక్కెడ ముల్లు మధ్యలో నిలిచిందా అని చూడటమన్నమాట.

గోడమీది గీతలు

డాక్టర్లు ల్యాబ్ అంకెల్ని కళ్లకద్దుకునే రోజుల్లో, 1947లో, అమెరికాలోని పెన్సిల్వేనియాలో బెల్క్, సండర్‌మాన్ అనే ఇద్దరికి ఒక అనుమానం వచ్చింది. ఒకే ద్రావణాన్ని యాభైకి పైగా ఆసుపత్రుల ల్యాబ్‌లకు పంపారు. ఒకటే సరుకు, తలోమాట! హిమోగ్లోబిన్ లాంటి మామూలు పరీక్షలో కూడా జవాబులు ఎక్కడెక్కడో వచ్చాయి. ఆ నివేదిక వైద్యరంగాన్ని ఉలిక్కిపడేలా చేసింది. మూడేళ్లకు, 1950లో లెవీ, జెనింగ్స్ అనే ఇద్దరు ఒక ఫ్యాక్టరీ పద్ధతిని ల్యాబ్‌లోకి తెచ్చారు. టెలిఫోన్ పరికరాల తయారీలో లోపాలు పట్టడానికి 1924లో వాల్టర్ షెవార్ట్ గీసిన చార్టు అది. నేటికీ ప్రతి మంచి ల్యాబ్‌లో కనిపించేది దాని మనవడే.

చార్టు అంటే భయపడాల్సింది లేదు. మధ్యలో అడ్డంగా ఒక గీత, అది కంట్రోల్ రావలసిన అంకె. దానికి పైనా కిందా రెండేసి, మూడేసి మెట్లు. మెట్టు ఎంత పొడవో ఆ యంత్రం మీద అదే కంట్రోల్‌ని ఇరవైసార్లయినా వేసి, ఎంత అటూ ఇటూ ఊగుతోందో చూసి నిర్ణయిస్తారు. ఉదాహరణకు కంట్రోల్ హిమోగ్లోబిన్ 12.6 రావాలి, మెట్టు 0.2 అనుకుందాం. ఇవాళ 12.4 వస్తే ఫర్వాలేదు. 13.3 వస్తే మూడు మెట్లు దాటింది. ఆ రోజు రిపోర్టులు ఆపాల్సిందే. మరి 12.4, 12.5, 12.4, 12.3, 12.5... ఇలా పది రోజులు వరుసగా మధ్యగీతకు కిందే వస్తే? ఏ ఒక్కరోజూ తప్పు లేదు. కానీ పది రోజులూ ఒకేవైపు పడటం యాదృచ్ఛికం కాదు. యంత్రం మెల్లగా కుంగుతోంది. 1981లో వెస్ట్‌గార్డ్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఇలాంటి సంకేతాలన్నింటినీ నియమాలుగా కూర్చాడు. ప్రపంచమంతా ల్యాబ్ విద్యార్థులు పరీక్షల కోసం బట్టీపట్టేది వాటినే.

నియమాలు బట్టీ పట్టినంత తేలిగ్గా పాటించలేరు. కారణం చూడండి. అంతా బాగున్నా సరే, ఒక కంట్రోల్ రెండు మెట్లు దాటే అవకాశం దాదాపు ఇరవైలో ఒకటి. మూడు సీసాలు వేస్తే ఏడెనిమిది రోజులకోసారి ఏదో ఒకటి ఊరికే గీత దాటుతుంది. బయట వరండాలో నలభైమంది కూర్చుని ఉంటారు. సాయంత్రం బస్సు పోతే మళ్లీ రేపే. అప్పుడు టెక్నీషియన్ ఏం చేస్తాడు? అదే సీసాని మళ్లీ వేస్తాడు. మళ్లీ రాకపోతే ఇంకోసారి. గీత లోపలికి వచ్చేదాకా వేసి, వచ్చిన అంకె మాత్రం రిజిస్టరులో రాస్తాడు. లోకంలో చాలా ల్యాబ్‌లకున్న జబ్బే ఇది. కంట్రోల్ అసలు వేయకపోవడం కన్నా ఇది చెడ్డ అలవాటు. వేయనివాడికి తనకు తెలియదన్న సంగతైనా తెలుసు.

చలి, కరెంటు, ఘాట్ రోడ్డు

కంట్రోల్ సీసాకి లాలన ఎక్కువ. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిందా, పారేయాల్సిందే. కణాలు పగిలిపోతాయి. ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంటపాటు గది వేడికి రానివ్వాలి. తర్వాత పసిపిల్లాడిని ఊపినట్టు మెల్లగా తిప్పాలి, కుదపకూడదు. మూత తీశాక తయారీదారును బట్టి వారం, రెండు వారాలే ఆయుష్షు. మూత తీయకపోయినా తయారైన రోజు నుంచి రెండు మూడు నెలలకు మించి ఉండదు. మందులైతే రెండేళ్లకు సరిపడా తెప్పించి బీరువాలో పెట్టొచ్చు. దీన్ని అలా పెట్టడానికి లేదు. ఐసు డబ్బాలో నెలనెలా కొండెక్కాలి.

కొండమీదేమో డిసెంబరు వచ్చిందంటే చింతపల్లి మండలం లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు చేరువవుతుంది. పాడేరు, అరకుల్లోనూ ఒక అంకెలోకి దిగిపోతుంది. పర్యాటకులకు అది పండగ. చాలా ఎనలైజర్లు మాత్రం 15 నుంచి 30 డిగ్రీల గది కోసం తయారయ్యాయి. రాత్రంతా చల్లారిన గదిలో పొద్దున్నే యంత్రం ఆన్ చేసి వెంటనే రక్తం పెడితే, రసాయనాలు చల్లగా ఉండి కణాలు పగలాల్సినంత పగలవు. హీటరు పెట్టి, గది వెచ్చబడ్డాక మొదలుపెట్టాలి. దానికి కరెంటు ఉండాలి! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు మన్యంలోనూ చెట్లు, స్తంభాలు కూలాయి. అంత పెద్ద గాలే అక్కర్లేదు. మామూలు వానాకాలంలో రాత్రి కరెంటు పోయి తెల్లారి వచ్చిందనుకోండి. ఫ్రిజ్ తలుపు తీస్తే చల్లగానే తగులుతుంది. మధ్యలో సీసా ఎంత వేడెక్కిందో ఎవరికి తెలుసు? అందుకే ఫ్రిజ్‌లో అతి తక్కువ, అతి ఎక్కువ రెండూ గుర్తుంచుకునే థర్మామీటరు పెట్టమంటారు. లక్షల యంత్రం పక్కన అది కారుచౌక. చాలాచోట్ల లేనిది కూడా అదే.

ఇన్ని ఖర్చుల్లో ఎక్కడో ఒకచోట పొదుపు చేయాలనిపిస్తుంది. మూడు సీసాలకు బదులు ‘మామూలు’ సీసా ఒక్కటే వేస్తారు. బస్తీ ల్యాబ్‌లో దాంతో కొంత నెట్టుకురావచ్చునేమో. కొండమీద కుదరదు. అక్కడి ల్యాబ్‌కు రోజూ ఎదురయ్యేది రక్తం తక్కువైన శరీరాలే. మామూలు సీసా దగ్గర సరిగ్గా కొలిచే యంత్రం తక్కువ దగ్గర తప్పు కొలవొచ్చు. కిలో దగ్గర సరిపోయిన కాటా వంద గ్రాముల దగ్గర మోసం చేసినట్టు. ‘తక్కువ’ సీసాలో హిమోగ్లోబిన్ ఐదారు గ్రాములుంటుంది. 6.8, 7.2ల గొడవ తేల్చేది అదే. ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలంటే... దాన్నే కొనాలి.

ఇంతకీ 0.4 అంత పెద్ద తప్పా? ల్యాబ్‌ల పరీక్షలో ఎంత తేడా వస్తే క్షమించవచ్చో అమెరికా చట్టం చెబుతుంది. హిమోగ్లోబిన్‌కు చాలాకాలం అది ఏడు శాతం. 2025 నుంచి నాలుగు శాతానికి తగ్గించారు. ఏడు గ్రాముల దగ్గర పాత లెక్కలో 0.49 దాకా ఒప్పుకునేవారు. కొత్త లెక్కలో 0.28 దాటితే తప్పే. అంటే నిన్నటిదాకా 0.4 పాసు, ఇప్పుడు ఫెయిలు. దీనికి తోడు ఎత్తు ఒకటి. కొండమీద గాలి పలచన కాబట్టి ఒంట్లో హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువ తయారవుతుంది. అందుకని 500 నుంచి 999 మీటర్ల మధ్య ఉండేవాళ్లకు వచ్చిన అంకెలోంచి కొంత తీసేసి చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎంత తీసేయాలంటే... సరిగ్గా 0.4!

కొండరక్తం వేరు

ఇప్పటిదాకా చెప్పుకున్నది ఏ మారుమూల ల్యాబ్‌కైనా వర్తిస్తుంది. తూర్పు కనుమల్లో చిక్కు ఇంకొకటుంది. అది యంత్రంలో లేదు, రక్తంలోనే ఉంది.

మన దేశంలో సికిల్ సెల్‌ను మొదట గుర్తించింది 1952లో, నీలగిరి గిరిజనుల్లో. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగిపోయే జబ్బు. మలేరియా తరతరాలుగా పీడించిన కొండప్రాంతాల్లో ఈ జన్యువు నిలదొక్కుకుంది. ఎందుకంటే తల్లి నుంచో, తండ్రి నుంచో ఒక్కరి నుంచే వస్తే అది మలేరియా నుంచి కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే ప్రాణాల మీదికి తెస్తుంది. దీనికి తోడు ఆల్ఫా తలసీమియా అనే ఇంకో వారసత్వం. ఇందులో ఎర్రకణాలు చిన్నవిగా ఉంటాయి, సంఖ్య మాత్రం ఎక్కువ. 1975లో శాస్త్రవేత్తలు ఒక కొత్తరకం హిమోగ్లోబిన్‌ని వెలుగులోకి తెచ్చారు. ఆల్ఫా గొలుసు ఆగాల్సినచోట ఆగకుండా పొడుగ్గా సాగిపోయే రకం. దానికి పెట్టిన పేరు ‘హిమోగ్లోబిన్ కోయదొర’! మన కోయదొరల్లో ఎక్కువగా కనిపించింది కాబట్టి ఆ పేరు. ప్రపంచ వైద్య గ్రంథాల్లో ఒక తెలుగు తెగ పేరు అలా స్థిరపడిపోయింది.

దీనికీ యంత్రం పరీక్షకీ సంబంధం ఏమిటంటారా? 1974లో బ్రయన్ బుల్ అనే అమెరికన్ డాక్టరు ఒక చక్కని ఉపాయం చెప్పాడు. కంట్రోల్ సీసా ఖరీదు కదా, రోగుల రక్తాన్నే కంట్రోలుగా వాడొచ్చు కదా అన్నాడు. ఎర్రకణం సగటు సైజు, అందులో హిమోగ్లోబిన్ ఎంత... ఇవి మనిషి మనిషికీ పెద్దగా మారవు. ఇరవైమంది సగటు తీస్తే ఇంకా స్థిరంగా ఉంటుంది. ఆ సగటు జరిగిందంటే జరిగింది మనుషులు కాదు, యంత్రమే. చాలా ఎనలైజర్లలో ఈ ఉపాయం లోపలే అమర్చి ఉంది. ఇలాంటి తెలివి ఎవరికి నచ్చదు?

కానీ ‘పెద్దగా మారవు’ అన్నది ఎవరి రక్తం చూసి చెప్పినమాట? మన్యంలో ఇనుము లోపం, తలసీమియా, సికిల్ కలిసిన రక్తాల సగటు మొదటినుంచీ కిందే ఉంటుంది. ఫ్యాక్టరీలో పెట్టిన అంకెతో పోలిస్తే యంత్రం రోజూ ‘నాకు బాగాలేదు’ అని అరుస్తూనే ఉంటుంది. సికిల్ సెల్ శిబిరం పెట్టినరోజున, గర్భిణుల పరీక్షల రోజున ఇరవైమందివీ వరుసగా చిన్నకణాలే వస్తాయి, సగటు ఇంకా పడిపోతుంది. ‘నాన్నా పులి’ కథ తెలిసిందే. కొన్నాళ్లకు టెక్నీషియన్ ఆ హెచ్చరికను పట్టించుకోవడం మానేస్తాడు. ఆ తర్వాత యంత్రం నిజంగానే దారి తప్పుతుంది. చిన్నకణాల చీటీ చూసి ‘ఇక్కడివాళ్లకు మామూలే’ అనుకుంటారు. ఈ ఉపాయం కొండమీద పనిచేయాలంటే ముందు కొండమీది సగటును అక్కడే, వందలమంది రక్తంతో కట్టుకోవాలి. హైదరాబాదులో ఇంజినీరు అమర్చిపెట్టిన అంకె పనికిరాదు.

కొండరక్తం ఇంకా చాలా తమాషాలు చేస్తుంది. సికిల్, తలసీమియా జబ్బు ముదిరినవాళ్ల రక్తంలోకి పండని ఎర్రకణాలు, కేంద్రకంతో సహా, వచ్చేస్తాయి. పాతతరం యంత్రం వాటిని తెల్లకణాలనుకుని లెక్కేస్తుంది. చీటీ మీద తెల్లకణాలు ఇరవై వేలు, ముప్ఫై వేలు! ఏదో పెద్ద ఇన్‌ఫెక్షనని యాంటీబయాటిక్స్ మొదలవుతాయి. మరీ చిన్న ఎర్రకణాలను, కణాల ముక్కలను ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టడం ఇంకో పొరపాటు. జ్వరంతో వచ్చినవాడికి ప్లేట్‌లెట్లు నిజంగా నలభై వేలే ఉంటే యంత్రం లక్ష చూపించవచ్చు. చలికాలంలో కొందరి రక్తం గొట్టంలో చల్లారగానే ఎర్రకణాలు గుంపులు కట్టుకుంటాయి. యంత్రానికి గుంపంతా ఒక్క కణంలా కనిపిస్తుంది. కణాల సంఖ్య పడిపోతుంది, సైజు ఏనుగంత అవుతుంది. గొట్టాన్ని ఒంటివేడికి, అంటే 37 డిగ్రీలకు వెచ్చబెట్టి మళ్లీ పెడితే లెక్క సర్దుకుంటుంది. ఇవేవీ కంట్రోల్ సీసా పట్టలేదు. సీసాలో ఉన్న రక్తానికి ఈ జబ్బులేవీ లేవు కదా!

పట్టేది ఒక్కటే. గాజుపలక మీద రక్తపుచుక్కను పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో కంటితో చూడటం. మన్యానికి ఇందులో ఒక ఆస్తి ఉంది. మలేరియా నియంత్రణ కార్యక్రమం పుణ్యమా అని ఎనలైజర్లు రాకముందు నుంచే ఇక్కడి ఆరోగ్య కేంద్రాల్లో మైక్రోస్కోపులు, స్లైడు చూసే కళ్లు ఉన్నాయి. కొత్త యంత్రం వచ్చిందని పాత మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పేయడం తెలివైన పని కాదు.

కార్డు, పింఛను, ఒక శాతం

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో ప్రధాని జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. పదిహేడు రాష్ట్రాల్లో, నలభై ఏళ్లలోపు ఏడు కోట్లమందిని పరీక్షించాలన్నది సంకల్పం. 2047కల్లా జబ్బును నిర్మూలించాలన్నది లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఇది ఇంటి సమస్య. ఊళ్లో మొదట జరిగేది గొట్టంలో రక్తం కలిపి మసకబారిందా లేదా చూసే పరీక్ష. ఇది చవక, తేలిక. కానీ హిమోగ్లోబిన్ మరీ తక్కువగా ఉన్నవాళ్లలో, ఆరునెలల్లోపు పసివాళ్లలో జబ్బు ఉన్నా లేదని చెప్పేయగలదు. అంటే హిమోగ్లోబిన్ కొలత తప్పితే ఈ ఫలితాన్ని నమ్మాలో వద్దో కూడా తెలియదు.

అనుమానం వచ్చిన రక్తాన్ని హెచ్‌పీఎల్‌సీ అనే ఇంకో యంత్రానికి పంపుతారు. అది రకరకాల హిమోగ్లోబిన్లను విడదీసి ఏది ఎంత శాతమో చెబుతుంది. ఒక్కో రకం ఒక్కో నిమిషానికి బయటికొస్తుంది. ఆ టైము చూసే పేరు పెడతారు. లోపలి గొట్టం ఉష్ణోగ్రత మారితే టైము మారుతుంది, పక్కవాడి పేరు వీడికి పడుతుంది. దీనికీ రోజూ కంట్రోల్ తప్పదు.

అసలు మెలిక శాతాల దగ్గర ఉంది. ఒకవైపు నుంచే జన్యువు వచ్చినవాళ్లలో ‘ఎస్’ రకం సాధారణంగా నలభై శాతం లోపు ఉంటుంది. తోడుగా ఆల్ఫా తలసీమియా ఉంటే ముప్ఫైకి, ఇంకా కిందికి దిగుతుంది. జబ్బు ఉన్న పిల్లాడికి ఈమధ్యే రక్తం ఎక్కించి ఉంటే, దాత రక్తం కలిసిపోయి, చీటీ మీద అతను ఉత్త వాహకుడిలా కనిపిస్తాడు. యంత్రం తప్పు చెప్పలేదు. అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు. మూడునెలలు ఆగి మళ్లీ పరీక్షించాలి, లేదా తల్లిదండ్రుల రక్తం చూడాలి.

ఈ చీటీ ఆధారంగా సికిల్ సెల్ కార్డు ఇస్తారు. పెళ్లి మాటలప్పుడు ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోమని సలహా. వాహకులు వాహకులను చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. జబ్బు ఉన్నవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. కొండమీద పోడు, కాఫీ చెట్ల మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. పేరు ‘వాహకుడు’ కాలమ్‌లో పడిందా, ‘రోగి’ కాలమ్‌లో పడిందా అన్నది పిల్లాడి వైద్యాన్నే కాదు, ఇంట్లో పొయ్యినీ తేలుస్తుంది.

పక్కవాడి చేత కొలిపించుకోవడం

తన తక్కెడను తన రాయితోనే పరీక్షించుకుంటే చాలదు. రాయే అరిగి ఉండొచ్చు. అందుకని బయటివాళ్ల పరీక్ష ఒకటుంది. రక్తకణాల విషయంలో ఢిల్లీ ఎయిమ్స్, జీవరసాయన పరీక్షలకు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ దేశంలోని ల్యాబ్‌లకు జవాబు తెలియని నమూనాలు పంపుతాయి. ల్యాబ్ తన అంకె రాసి పంపాలి. మిగతా ల్యాబ్‌లన్నింటి మధ్య అది ఎంత దూరంలో నిలిచిందో వాళ్లు తిరిగి చెబుతారు. రెండు లోపయితే సరే, మూడు దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు కావాలంటే ఇందులో చేరక తప్పదు. గుర్తింపు కోరనివాళ్లకు బలవంతమేమీ లేదు. ఈ నమూనాను కూడా ప్రత్యేక అతిథిలా చూసి, ఐదుసార్లు వేసి సగటు తీసి పంపే ఘనులున్నారు. రోజూ వచ్చే రోగికి ఆ మర్యాద జరగదు కాబట్టి ఆ మార్కులకు విలువ లేదు.

సీసా అందని నెల ఏం చేయాలి? రోడ్డు కొట్టుకుపోయింది, సరుకు రాలేదు. అప్పుడూ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. నిన్న సాయంత్రం పరీక్షించిన నాలుగైదు రక్తాలను, ఒకటి రెండు తక్కువవి ఉండేలా చూసుకుని, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. పొద్దున వాటినే గది వేడికి తెచ్చి మళ్లీ వేయాలి. ఊదామూత గొట్టంలోని రక్తంలో హిమోగ్లోబిన్, కణాల సంఖ్య ఒకరోజులో మారవు. నిన్న 7.1, ఇవాళ 7.6 వస్తే రాత్రికి రాత్రి మారింది రక్తం కాదు. కొన్నిచోట్ల ఇది రోజూ చేస్తారు, కంట్రోల్ సీసా ఉన్నా సరే. దీనికి పైసా ఖర్చు లేదు. కాస్త ఓపిక, ఒక పావుగంట కావాలి.

ఆ పావుగంట ఎక్కడి నుంచి వస్తుందన్నది వేరే సంగతి. ఒక్క టెక్నీషియనే రక్తం తీసి, మలేరియా స్లైడు చూసి, కఫం పరీక్షించి, ఆన్‌లైన్‌లో వివరాలెక్కించే చోట చార్టు గీయడం అన్నింటికన్నా చివరికి జరిగిపోతుంది. కొండమీద ల్యాబ్‌కు కొత్త యంత్రం ఇచ్చినప్పుడు రిబ్బను కత్తిరించి ఫొటో దిగుతారు. ఏడాదికి సరిపడా కంట్రోళ్లకు, రెండో టెక్నీషియన్‌కు రిబ్బనుండదు. బడ్జెట్‌లో ముందు తెగేవి కూడా అవే.

పరీక్ష చేయించుకునేవాళ్లు అడగకూడనిదేమీ లేదు. ‘ఇవాళ కంట్రోల్ వేశారా?’ అంటే బాగా నడిచే ల్యాబ్‌లో ఎవరూ నొచ్చుకోరు. రెండు చీటీలు రెండు రకాలుగా చెబితే మూడోచోటికి పరుగెత్తే ముందు, కొత్తగా తీసిన రక్తంతో అదే ల్యాబ్‌లో మళ్లీ చూడమని, స్లైడు కూడా చూడమని అడగాలి. ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే, అడగకపోయినా ఆ సంగతి చెప్పాలి. గీతల చార్టు చాలా ల్యాబ్‌లలో యంత్రం పక్కనే, గోడకు తగిలించి ఉంటుంది. చూపించమంటే చూపిస్తారు. ఈ నెల చుక్కలు నిన్నటిదాకా ఉన్నాయా, ఎప్పుడో ఆరు వారాల కిందట ఆగిపోయాయా అన్నది దూరం నుంచే కనిపిస్తుంది.